‘టేక్’ అనే ఆంగ్ల క్రియ, అర్థాలు, వాడుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారికి ‘టేక్’ అనే మాట మొదటి పాఠాల్లోనే పరిచయమవుతుంది. దానికి ‘తీసుకోవడం’ అని అర్థం రాసుకుంటారు, ఇక ఆ మాట తెలిసిపోయిందని ముందుకు సాగుతారు. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు బోధిస్తూ నేను దిద్దిన తప్పుల్లో పెద్ద మాటల దగ్గర దొర్లినవి తక్కువ; ఇలా తెలిసిపోయాయనుకున్న చిన్న మాటల దగ్గర దొర్లినవే ఎక్కువ. విద్యార్థులు పదేపదే అడిగిన ప్రశ్నలకు నా సమాధానాలను ఇక్కడ కూర్చాను.

‘టేక్’ అంటే ‘తీసుకోవడం’ అని గుర్తుపెట్టుకుంటే సరిపోదా?

సగం వరకే సరిపోతుంది. మన ‘తీసుకొను’ అనే క్రియ ‘తీయు’, ‘కొను’ అనే రెండు క్రియల కలయిక. ‘కొను’ చేరినప్పుడు ఆ పని ఫలం చేసినవారికే చెందుతుందన్న భావం వస్తుంది. వండడానికి, వండుకోవడానికి ఉన్న తేడా అదే. ఈ తేడా మనకు ఎంత సహజమంటే, ‘ఊపిరి తీసుకున్నాడు’ అంటే బతికి ఉన్నాడని, ‘ఊపిరి తీశాడు’ అంటే మరొకరిని చంపాడని ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషు ‘టేక్’లో ఇలాంటి గుర్తు ఏదీ లేదు. తీయడం, తీసుకోవడం, పట్టడం, ఎక్కడం, వేసుకోవడం, తిరగడం అని మనం వేరువేరు క్రియలతో చెప్పే పనులెన్నో ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. మరోవైపు మన ‘తీసుకోవడం’ కొనడానికి, అందుకోవడానికి, అప్పు పుచ్చుకోవడానికి కూడా పనికివస్తుంది కానీ ఇంగ్లీషులో వాటికి వేరే క్రియలు ఉన్నాయి. అందువల్ల ‘టేక్’ పక్కన ఏ నామవాచకం ఉందో చూసి, ఆ జంటను జంటగానే నేర్చుకోవాలని నేను చెబుతాను.

దీని రూపాలు ఏమిటి? ఎక్కువగా ఎక్కడ తప్పు దొర్లుతుంది?

వర్తమానంలో ‘టేక్’, భూతకాలంలో ‘టుక్’, మూడో రూపం ‘టేకెన్’. ‘టుక్’లోని ఉకారం హ్రస్వం, దాన్ని ‘టూక్’ అని సాగదీయకూడదు. తప్పు ఎక్కువగా ‘డిడ్’ దగ్గర వస్తుంది. ‘తీసుకున్నావా’ అన్నప్పుడు మన భాషలో గతకాలం అసలు క్రియ మీదే కనిపిస్తుంది కాబట్టి ‘డిడ్ యు టుక్’ అనేస్తాం. ఇంగ్లీషులో గతకాలాన్ని ‘డిడ్’ మోసేసింది కనుక ‘డిడ్ యు టేక్’ అనాలి. అలాగే ‘హావ్’ తరువాత ఎప్పుడూ ‘టేకెన్’ రావాలి, ‘టుక్’ రాకూడదు.

ఈ మాట ఇంగ్లీషులోకి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది స్కాండినేవియా నుంచి వచ్చిన మాట. తొమ్మిదో శతాబ్దం నుంచి అక్కడి నావికయోధులైన వైకింగులు ఇంగ్లండు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడడంతో వారి ప్రాచీన నార్స్ భాషలోని ‘టాకా’ అనే క్రియ స్థానికుల నోట నిలిచింది. అంతకు ముందు ప్రాచీన ఇంగ్లీషులో ఈ అర్థానికి ‘నిమాన్’ అనే క్రియ ఉండేది. దాని తోబుట్టువు జర్మన్‌లో ‘నేమెన్’ రూపంలో నేటికీ నిత్యవాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం ‘టేక్’ దాన్ని పూర్తిగా తోసేసింది. తిమ్మిరెక్కిన చేతిని ‘నమ్’ అంటారు కదా, ఆ మాట ఆ పాత క్రియ జ్ఞాపకమే: స్పర్శను ఏదో పట్టుకుపోయిందని దాని మూలార్థం. ‘గెట్’, ‘దే’, ‘స్కై’, ‘ఎగ్’ వంటి ఇంటి మాటలు కూడా నార్స్ నుంచి వచ్చినవే. ఇరుగుపొరుగుగా బతికిన రెండు జాతుల మధ్య రోజూ పలికే మాటలే ముందుగా చేతులు మారాయన్నమాట.

కొత్త ఫోను కొన్నప్పుడు ‘ఐ టుక్ ఎ న్యూ ఫోన్’ అనవచ్చా?

అనకూడదు. ‘కొత్త సెల్ తీసుకున్నాను’, ‘పండక్కి చీర తీసుకున్నాం’, ‘ఊరి చివర స్థలం తీసుకున్నారు’ అని మనం రోజూ అంటాం, డబ్బు చెల్లించిన సంగతి ఆ మాటలోనే ఉందని ఎదుటివారికి తెలుసు. ఇంగ్లీషు వినేవారికి ఆ సంగతి తెలియదు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి విదేశంలో చదువుతూ, పనిచేయని ఛార్జరును మార్చుకోవడానికి కొన్న దుకాణానికే వెళ్ళి, ‘ఐ టుక్ దిస్ ఫ్రమ్ హియర్ యెస్టర్‌డే’ అని చెప్పింది. కౌంటరులోని వ్యక్తి ముందుగా అడిగిన ప్రశ్న, దానికి డబ్బు కట్టారా అని. ఆమె దగ్గర బిల్లు ఉంది కనుక ఇబ్బంది తొలగింది కానీ, ఆ క్షణంలో ముఖం ఎంత వేడెక్కిందో ఫోనులో చెబుతున్నప్పుడు కూడా ఆమె గొంతులో తెలిసింది. ‘ఐ బాట్ దిస్ హియర్’ అని ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. దుకాణం నుంచి ‘టేక్’ చేశామంటే అడగకుండా పట్టుకెళ్ళామన్న అర్థం కూడా వస్తుందని గుర్తుంచుకోండి.

జీతం, బహుమతి, చేబదులు: వీటికి ఏ క్రియ వాడాలి?

జీతం ‘తీసుకుంటున్నాను’ అనడానికి ‘ఐ గెట్’ లేదా ‘ఐ ఎర్న్’ అనాలి. బహుమతికి, పట్టాకు ‘రిసీవ్’ నప్పుతుంది. చేబదులుకు ‘బారో’ అన్న క్రియ ఉంది. బ్యాంకు అప్పుకు మాత్రం ‘టేక్’ వస్తుంది, దానికి ‘ఔట్’ చేర్చి ‘టేక్ ఔట్ ఎ లోన్’ అనడం మరింత సహజం.

‘టేక్ టిఫిన్’, ‘టేక్ కాఫీ’ అనడం తప్పా?

మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కాబట్టి దాన్ని తప్పని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అయితే బయటి దేశాల్లో భోజనానికి ‘హావ్’ లేదా ‘ఈట్’ వాడతారు. ‘ఐ హాడ్ బ్రేక్‌ఫాస్ట్’ అంటే చాలు. ఇంటికి వచ్చినవారిని ‘కాఫీ తీసుకుంటారా’ అని మర్యాదగా అడిగే మన తీరును యథాతథంగా మార్చి ‘విల్ యు టేక్ కాఫీ’ అనే బదులు, ‘వుడ్ యు లైక్ సమ్ కాఫీ’ అనండి, ఆ మర్యాద అందులో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక చోట మాత్రం కాఫీ, టీల దగ్గర ‘టేక్’ సరిగ్గా కుదురుతుంది: ‘డు యు టేక్ షుగర్?’ అంటే మీకు పంచదార వేసుకునే అలవాటు ఉందా అని అడగడం.

మందుల విషయంలో ‘ఐ యామ్ యూజింగ్ టాబ్లెట్స్’ అంటున్నాం. అది సరైనదేనా?

ఈ ప్రశ్నను నేను ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే వైద్యుడి ముందు మాట స్పష్టంగా ఉండాలి. తెలుగులో మాత్ర ‘వేసుకుంటాం’, మందు ‘తాగుతాం’, నెలల తరబడి అయితే మందులు ‘వాడతాం’. ఆ చివరి మాటే ‘యూజింగ్’ అయి నోటికి వస్తుంది. ఇంగ్లీషులో నోటి ద్వారా లోపలికి వెళ్ళే మందుకు, అది మాత్ర అయినా సిరప్ అయినా, ‘టేక్’ వాడాలి: ‘ఐ టేక్ వన్ టాబ్లెట్ ఆఫ్టర్ డిన్నర్’. రోజూ ఉండే అలవాటుకు ‘ఐ టేక్’, ఈ వారం రోజుల కోర్సు వంటి తాత్కాలిక వాడకానికి ‘ఐ యామ్ టేకింగ్’ అంటే వైద్యుడికి తేడా వెంటనే తెలుస్తుంది. చర్మానికి రాసే లేపనానికి, కంట్లో వేసే చుక్కలకు ‘యూజ్’ సరిగ్గా సరిపోతుంది.

‘ఐ టుక్ ఎక్స్‌రే’ అంటే ఏమి తప్పు?

ఎక్స్‌రే తీసింది మీరు కాదు కదా. యంత్రం దగ్గర నిలబడి మీట నొక్కిన టెక్నీషియన్ ‘ఐ టుక్ యాన్ ఎక్స్‌రే’ అనాలి, బల్ల మీద పడుకున్న మీరు ‘ఐ హాడ్ యాన్ ఎక్స్‌రే’ అనాలి. ఇక్కడ తెలుగు మనకు అద్భుతంగా తోడ్పడుతుంది. ‘ఎక్స్‌రే తీశాను’, ‘ఎక్స్‌రే తీయించుకున్నాను’ అనే రెండు వాక్యాలను ఏ చదువూ లేని ముసలమ్మ కూడా తారుమారు చేయదు. ‘తీయించుకొను’ అన్న ఒక్క క్రియలో మరొకరి చేత చేయించడం, దాని ఫలం తనకే చెందడం అనే రెండు విషయాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ఆ పనిని ‘హావ్’ చేస్తుంది. రక్తపరీక్షకు వెళ్తే ‘ఐ హాడ్ మై బ్లడ్ టేకెన్’, పాస్‌పోర్టు కోసం స్టూడియోకు వెళ్తే ‘ఐ హాడ్ మై ఫోటో టేకెన్’. మీ తెలుగు వాక్యంలో ‘-ఇంచుకొను’ వినిపిస్తే ఇంగ్లీషులో ‘హావ్’ వెతుక్కోండి. ఈ గుర్తు జుట్టు కత్తిరించుకోవడం దగ్గర నుంచి బండి బాగుచేయించుకోవడం దాకా చాలా చోట్ల పనికివస్తుంది.

ఫోటో మాట వచ్చింది కనుక మరొక సంగతి. ‘మాకు ఒక ఫోటో తీస్తారా’ అన్నదాంట్లోని ‘కు’ ప్రత్యయాన్ని వెంటతీసుకెళ్ళి ‘టేక్ ఎ ఫోటో టు అజ్’ అంటుంటారు. అక్కడ ‘ఆఫ్’ రావాలి: ‘కుడ్ యు టేక్ ఎ ఫోటో ఆఫ్ అజ్?’

స్నానానికీ విశ్రాంతికీ ‘టేక్’ వాడవచ్చా?

స్నానానికి వాడవచ్చు కానీ మధ్యలో ‘ఎ’ మరవకూడదు: ‘టేక్ ఎ బాత్’, ‘టేక్ ఎ షవర్’. బ్రిటన్‌లో ‘హావ్ ఎ బాత్’ ఎక్కువగా వినిపిస్తుంది. తలంటుకున్నామని చెప్పడానికి మనవాళ్ళు వాడే ‘హెడ్ బాత్’ మాత్రం మన దేశం దాటితే అర్థం కాదు, కాబట్టి ‘ఐ వాష్డ్ మై హెయిర్’ అనండి. నూనె, నలుగు, కుంకుడురసం అన్నీ అందులోకి రావు. పండగనాటి తలంటును వివరించాలంటే రెండు వాక్యాలు ఎక్కువ చెప్పక తప్పదు. జబ్బు పడినవారితో ‘టేక్ రెస్ట్’ అనేకంటే ‘గెట్ సమ్ రెస్ట్’ అనడం సహజం. ‘టేక్ ఎ రెస్ట్’ అంటే పని మధ్యలో కాసేపు ఆగమని.

పరీక్ష ‘రైట్’ చేస్తామా, ‘టేక్’ చేస్తామా? క్లాసు సంగతి ఏమిటి?

మనం పరీక్ష రాస్తాం కాబట్టి ‘రైట్’ అంటాం, హిందీవారు పరీక్ష ఇస్తారు కాబట్టి ‘గివ్’ అంటారు. అమెరికాలో విద్యార్థి పరీక్షను ‘టేక్’ చేస్తాడు, బ్రిటన్‌లో ‘సిట్’ అన్న క్రియ కూడా వాడతారు. కెనడాలో, దక్షిణాఫ్రికాలో ‘రైట్ యాన్ ఎగ్జామ్’ అనడం మామూలే, కనుక మన ప్రయోగం మరీ ఒంటరిది కాదు. ‘గివ్’ మాత్రం పరీక్ష పెట్టే ఉపాధ్యాయుడికి చెందుతుంది.

క్లాసు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘మాస్టారు క్లాసు తీసుకుంటున్నారు’ అన్న మన వాడుకలో తీసుకునేది బోధించేవారు, బ్రిటిషు వాడుకలోనూ అలా అనడం ఉంది. అమెరికాలో ‘ఐ యామ్ టేకింగ్ ఎ క్లాస్’ అన్న వ్యక్తి విద్యార్థి. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి అక్కడికి వెళ్ళి విశ్వవిద్యాలయంలో టీచింగ్ అసిస్టెంటుగా చేరిన మన పిల్లలు, తాము పాఠం చెబుతున్నామనుకుని ఈ వాక్యం అంటే, వినేవారికి సరిగ్గా వ్యతిరేకంగా అర్థమవుతుంది. ‘ఐ యామ్ టీచింగ్ ఎ క్లాస్’ అంటే ఏ దేశంలోనూ సందేహం రాదు.

‘ఇట్ టేక్స్ టూ అవర్స్’లో ‘టేక్’ ఎందుకు వస్తుంది?

తెలుగులో ‘రెండు గంటలు పట్టింది’ అని మనం ఎందుకంటామో ఇంగ్లీషులోనూ అందుకే. చేత్తో పట్టుకునే ‘పట్టు’ అనే క్రియనే మనం కాలానికి కూడా వాడుతున్నాం. ఇంగ్లీషు కూడా చేత్తో అందుకునే క్రియనే కాలానికి వాడింది. బ్లౌజుకు మీటరు గుడ్డ పడుతుంది, ట్యాంకులో పది లీటర్ల పెట్రోలు పడుతుంది, హైదరాబాదు నుంచి విజయవాడకు బస్సులో ఐదారు గంటలు పడుతుంది. ఈ మూడు ‘పడుతుంది’లనూ ‘టేక్స్’తోనే చెప్పవచ్చు. రెండు దూరపు భాషలు ఒకే ఊహను ఎంచుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఆనందం కలుగుతుంది.

వాక్య నిర్మాణంలో మాత్రం తేడా ఉంది. మన వాక్యంలో కర్త స్థానంలో గంటలే నిలుస్తాయి. ఇంగ్లీషులో ఆ స్థానంలో ‘ఇట్’ పెట్టి, ‘నాకు’ అన్నదాన్ని ‘మీ’గా క్రియ వెనుక ఉంచాలి: ‘ఇట్ టుక్ మీ టూ అవర్స్’. ‘ఫర్ మీ టూ అవర్స్ టుక్’ అన్నది తెలుగు వాక్యానికి ఇంగ్లీషు చొక్కా తొడగడమే.

‘బ్రింగ్’కూ ‘టేక్’కూ తేడా ఎలా గుర్తుంచుకోవాలి?

తీసుకురావడం ‘బ్రింగ్’, తీసుకెళ్ళడం ‘టేక్’. కోస్తా జిల్లాల్లో పట్టుకురావడం, పట్టుకెళ్ళడం అంటారు, అక్కడా ఇదే లెక్క. ‘రా’ ఉంటే ‘బ్రింగ్’, ‘వెళ్ళు’ ఉంటే ‘టేక్’. మీ ఇంటికి వస్తూ స్వీట్లు తెస్తానని అవతలివారితో చెప్పేటప్పుడు మనం ‘తీసుకొస్తాను’ అంటాం, ఇంగ్లీషులోనూ ‘ఐ విల్ బ్రింగ్’ అంటారు. వెళ్ళి తీసుకురమ్మనే రెండడుగుల పనికి ‘ఫెచ్’ అన్న మాట ఉంది.

నిర్ణయం ‘టేక్’ చేస్తామా, ‘మేక్’ చేస్తామా?

బ్రిటిషు, భారతీయ వాడుకల్లో రెండూ చెల్లుతాయి. అమెరికన్లు ‘మేక్ ఎ డెసిషన్’ అంటారు. ఏ దేశానికి రాసినా ‘మేక్’ క్షేమం.

‘ద మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్’ అని వార్తల్లో చూశాం. సరైనదేనా?

కాదు. ‘టేక్ ప్లేస్’ అంటే జరగడం. ‘సమావేశం జరగబడింది’ అని తెలుగులో ఎవరూ అనరు. అలాగే ఇంగ్లీషులోనూ దీనికి కర్మణి ప్రయోగం లేదు. ‘ద మీటింగ్ టుక్ ప్లేస్’ అనాలి. ముందుగా నిర్ణయించుకున్న పెళ్ళి, సభ, ఎన్నిక వంటివాటికి ఇది బాగుంటుంది, అనుకోకుండా జరిగే ప్రమాదానికి ‘హ్యాపెన్’ మెరుగు.

‘ఈజ్ దిస్ సీట్ టేకెన్?’ అని అడిగితే ఏమని బదులివ్వాలి?

ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని వారు అడుగుతున్నారు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో కిటికీ గుండా కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. ఆ కర్చీఫ్ ఉన్న సీటే ‘టేకెన్’. ఖాళీగా ఉంటే ‘నో, ఇట్స్ ఫ్రీ’ అనాలి. కూర్చోమని అనుమతిస్తున్నామనుకుని ‘యెస్’ అంటే, పాపం, ఆ మనిషి నిలబడే ప్రయాణం చేస్తాడు. ‘టేక్ ఎ సీట్’ అయితే మర్యాదగా కూర్చోమనడం.

‘టేక్ ఆఫ్’, ‘టేక్ ఆఫ్టర్’, ‘టేక్ ఇన్’ వంటివాటిని ఎలా నేర్చుకోవాలి?

జాబితాలుగా కాక, మీ ఇంట్లో జరిగే పనులతో కలిపి నేర్చుకోండి. గుడి ముందు చెప్పులు విప్పడం ‘టేక్ ఆఫ్’, విమానం నేల విడవడమూ ‘టేక్ ఆఫ్’. ‘అచ్చం నాయనమ్మ పోలికే’ అని పసిబిడ్డను చూసి అంటామే, అది ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్’. రక్తసంబంధం లేనివారికి ఇది వాడరు, అలాంటివారికి ‘లుక్ లైక్’ చాలు. వదులైన బ్లౌజును దర్జీ దగ్గర బిగించి కుట్టించడం ‘టేక్ ఇన్’, మాయమాటలకు మోసపోవడం ‘బి టేకెన్ ఇన్’.

సర్వనామం స్థానం దగ్గర ఒక నియమం ఉంది. చెప్పులను ‘టేక్ దెమ్ ఆఫ్’ అనాలి కానీ ‘టేక్ ఆఫ్ దెమ్’ అనకూడదు. ‘టేక్ ఆఫ్టర్’ మాత్రం విడిపోదు: ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్’.

‘లైట్ తీసుకో’ అన్నది ఇంగ్లీషు ప్రయోగమేనా?

అది మన కుర్రకారు కట్టిన మాట, తెలుగు గడ్డ మీద పుట్టింది. ఇంగ్లీషులో ‘టేక్ లైట్’ అని అనరు. స్నేహితుడిని ఊరడించడానికి ‘డోంట్ వర్రీ అబౌట్ ఇట్’ లేదా ‘డోంట్ టేక్ ఇట్ టు హార్ట్’ అంటారు. రెండోది మన ‘మనసులో పెట్టుకోకు’ అన్నదానికి చాలా దగ్గర. ‘టేక్ ఇట్ లైట్లీ’ అన్న ప్రయోగం ఉంది కానీ దానికి తేలికగా తీసిపారేయడం అన్న అర్థం ఉంది, ఎక్కువగా అలా చేయవద్దని హెచ్చరించేటప్పుడే వినిపిస్తుంది. ‘నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి’ అనడానికి ‘డోంట్ టేక్ మీ రాంగ్’ కాకుండా ‘డోంట్ గెట్ మీ రాంగ్’ అనాలి.

మా పాప లెక్కల పుస్తకంలో ‘టెన్ టేక్ అవే త్రీ’ అని ఉంది. ఇంట్లో ఎలా చెప్పాలి?

‘పదిలోంచి మూడు తీసేస్తే’ అని తెలుగులో చెప్పండి, ‘టేక్ అవే’ అంటే అక్షరాలా అదే. తీసివేత అనే మన పాత బడి మాటకు, ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు పలికే ఈ మాటకు ఊహ ఒక్కటే: కుప్పలోంచి కొన్ని పక్కకు తీయడం. పది చింతగింజలు నేల మీద పోసి, పాప చేతనే మూడు తీయించి, తీస్తున్నప్పుడు ‘తీసేశాను’ అని ఒకసారి, ‘టేక్ అవే’ అని ఒకసారి అనిపించండి. ఆ మూడు గింజలూ తన గుప్పిట్లో ఉండగానే మిగిలినవి లెక్కపెట్టమనండి.